నాలుగో వాయిదా

నేను బ్యాంకు పంపే మనిషిని.
నిలబడ్డదానికే డబ్బు.
నిలబడబోయేదానికి
నా కాగితంలో గడి లేదు.

మే నెల. ఆరూస్టుక్‌లో మంచు కరిగి
దుంపల చేల చివరంతా బురద.
నా బూటు ఒకటి అందులో ఉండిపోతే
రోసేర్ పెల్టియే నవ్వలేదు,
పార తెచ్చి తవ్వి ఇచ్చాడు.
ఆ రోజు అతను చూపించగలిగింది
ఒక గొయ్యి, దాని చుట్టూ కాంక్రీటు.
చలి ఇక్కడ నాలుగున్నర అడుగులు దిగుతుందట,
ఇల్లు దానికంటే కిందనుంచి మొదలవ్వాలట.
రెండు లక్షల పదివేల డాలర్ల అప్పులో
మొదటి వాయిదా, పదిహేను శాతం.
సంతకం పెట్టాను.
ఆ సాయంత్రమే వడ్డీ నడక మొదలెట్టింది.
దానికి ఆదివారం లేదు, బురద అంటదు.

గీత మొత్తం ఒడీల్‌ది.
స్కూలు బస్సు నడుపుతుంది,
పిల్లలంతా దిగిపోయాక
స్టీరింగు మీద గళ్ల కాగితం పరిచి గీసిన ఇల్లు.
ఒక మూల గోడే లేదు,
రెండు వైపులకూ తిరిగిన అద్దం.
ఇంత ఖర్చెందుకని నేను అడగకూడదు, అడిగాను.
నది అవతల కెనడా. అక్కడ చెల్లెలు మారియెల్
వంటింట్లో దీపం వేస్తే కనపడుతుందట.
ఫోనుంది కదా, అన్నాను.
"ఫోనులో దీపం వినపడదు."

జులైకి చట్రం, పైకప్పు. రెండో వాయిదా.
అనుకోని ఖర్చులకని దాచిన తొమ్మిది వేలల్లో
ఆరు వేలు కలప ధరే తినేసింది.
వాళ్ల కాపురం ఇంకా ట్రైలర్‌లోనే,
తిట్లు ఫ్రెంచిలో, లెక్కలు ఇంగ్లీషులో.

మూడోది బావి.
అడుక్కి ఇరవై రెండు డాలర్లు.
నూట ఎనభై అడుగులని అంచనా.
నూట ఎనభై దగ్గర రాతిపొడి.
మూడు వందల దగ్గర రాతిపొడి, తెల్లగా, పిండిలా,
కొత్త కప్పు మీద పేరుకుంటూ.
ఇంకా దించమంటారా, అని బోరు మనిషి అడుగుతాడు,
అడుగడుక్కీ అడుగుతాడు,
నేల మాత్రం తన అడుగు ఎక్కడో చెప్పదు.
ఐదు వందల ఇరవై దగ్గర తడి.
నిమిషానికి ఒకటిన్నర గ్యాలను. చాలన్నారు.

అంచనాకి పైన ఏడు వేల నాలుగు వందల ఎనభై.
చేతిలో ఉన్నవి మూడు వేలు.
నేలలోకి పోయిన డబ్బుని
నిలబడ్డట్టు నేనెలా రాసేది?

దుంపల కోతకి బడి మూడు వారాలు మూశారు.
ఒడీల్ కోతయంత్రం మీద నిలబడి
కదిలే పట్టీ మీంచి రాళ్లు ఏరి పారేసింది.
ఆ కూలి వడ్డీకి సరిపోయింది.
అప్పుడు తనే రబ్బరు తీసుకుని
మూల అద్దాన్ని చెరిపింది.
అద్దం ఖరీదు నాలుగు వేల ఆరు వందలు.
మిగిలిన నూట ఇరవైతో తలుపుకి తాళం కొన్నారు.
ఇప్పుడు కాదులే, తర్వాత, అనుకున్నారు.

వాయిదా.
నా ఫైల్లో అది డబ్బు వచ్చే రోజు.
వాళ్ల ట్రైలర్‌లో అది ఇంకా రాని రోజు.

నవంబరు. నాలుగోసారి వెళ్లాను.
క్యారిబూలో బట్టలుతికే దుకాణం మీద
అద్దెగదిలో ఉండేదాన్ని,
ఎవరి గోడైనా ఒకసారి తట్టి చూడటం అలవాటు.
మూల గోడకి ఇంకా లోపలి పలక కొట్టలేదు.
పైన ఆ పాత దూలం అలాగే ఉంది,
అద్దం బరువుకని తెచ్చింది, గోడకి అక్కర్లేనిది.
దాని కింద నిలువు చెక్కలు,
ఒక్కోదానికి రెండేసి మేకులు మాత్రం,
తలలు పూర్తిగా దిగకుండా,
ఎప్పుడో ఒకరోజు ఊడబెరకడానికి వీలుగా.

ఒడీల్‌కి తెలుసా, అన్నాను.
రోసేర్ సుత్తి వైపు చూశాడు.

కాగితం అడుగుతోంది:
ఒప్పుకున్న నక్షాకి తేడాగా ఏమైనా ఉందా?
పెన్నులో సిరా గడ్డకట్టింది. నోటి ఆవిరి ఊది
"గోడ ఉంది" అని రాశాను.
మేకుల సంగతికి గడి లేదు కదా.

కారుదాకా వచ్చి
"బూట్లు జాగ్రత్త" అన్నాడు.
నేలంతా అప్పటికే రాయిలా బిగిసి ఉంది.